మిల్లు లెక్కల సాఫ్ట్‌వేర్‌కి డేటాబేస్ బ్యాకెండ్: ఎస్‌క్యూలైటా, పోస్ట్‌గ్రెసా? అసలు పద్దుని ఎలా దాచాలి?

పైరగాలి (అమలాపురం), ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారమండి. నేనూ ఇద్దరు స్నేహితులూ కలిసి రెండేళ్లుగా ఒక ఓపెన్ సోర్స్ లెక్కల ప్రోగ్రాం రాస్తున్నాం. ప్రస్తుతం అంబాజీపేటలో ఒక కొబ్బరి కమీషన్ కొట్టులోనూ, మండపేట వైపు ఒక రైసు మిల్లులోనూ వాడుతున్నారు. ఏడాది లెక్కంతా ఒకే ఎక్స్‌ఎంఎల్ (గుర్తులు పెట్టి రాసిన టెక్స్ట్) ఫైల్లో ఉంటుంది. ప్రోగ్రాం తెరవగానే ఫైలంతా మెమరీలోకి ఎక్కుతుంది, సేవ్ నొక్కితే మొత్తం మళ్లీ రాస్తుంది. మొదట్లో బాగానే నడిచింది. దాళ్వా కోతలు మొదలయ్యాక మిల్లులో కాటా చీటీల వరద. సేవ్ నొక్కిన ప్రతిసారీ అందరూ ఆగి చూడాల్సి వస్తోంది.

పోయిన నెల సేవ్ అవుతుండగా కరెంటు పోయింది. ఫైలు సగంలో తెగిపోయింది. ముందు రోజు కాపీ ఉంది కాబట్టి గట్టెక్కాం గానీ, ఆ రోజు చీటీలన్నీ గుమాస్తా గారు రాత్రి పదకొండు దాకా కూర్చుని మళ్లీ ఎక్కించారు. ఆయన ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

అందుకని డేటాబేస్‌కి మారదామని నిర్ణయించాం. ఏ డేటాబేస్? రూపాయల్ని ఏ రకంగా దాచాలి? ఖాతా నిల్వని టేబుల్లో రాసి పెట్టుకోవాలా, అడిగినప్పుడల్లా కూడాలా? ముందు నడిచినవాళ్లు చెప్పండి.

భీమవరం డీబీఏ (ఇప్పుడు హైదరాబాద్), ఆదివారం రాత్రి 10:02

పోస్ట్‌గ్రెస్ పెట్టండి. రెండో ఆలోచన వద్దు. దశాంశాల్ని ఉన్నదున్నట్టు దాచే న్యూమరిక్ రకం ఉంది కాబట్టి పైసలు ఎక్కడికీ పోవు. నలుగురు ఒకేసారి రాసినా తట్టుకుంటుంది. లెక్కల పుస్తకానికి కావలసిన కట్టుబాట్లన్నీ డేటాబేస్‌లోనే పెట్టుకోవచ్చు. ఈరోజు ఒక మిల్లు, రేపు పది. చిన్నదానితో మొదలుపెట్టి మధ్యలో మారడం ఎంత కష్టమో నేను రెండుసార్లు చూశాను.

వశిష్ఠ తీరం (నరసాపురం), ఆదివారం రాత్రి 10:47

డీబీఏ గారి మాట కాదనను గానీ, మిల్లులో పోస్ట్‌గ్రెస్‌ని చూసుకునేది ఎవరండి? కొత్త పెద్ద వెర్షన్ వచ్చినప్పుడు డేటాని దానికి మార్చి ఎక్కించడం, సర్వీసు లేవకపోతే లాగ్ చదవడం, ఇవి గుమాస్తా చేసే పనులు కావు. ఎస్‌క్యూలైట్ అయితే ఒక ఫైలు, వేరే సర్వరంటూ లేదు.

ఒక సంగతి ముందే చెప్పాలి. గ్నూక్యాష్ అనే ఓపెన్ సోర్స్ లెక్కల ప్రోగ్రాం ఇదే దారిలో నడిచింది. వాళ్లదీ మొదట ఎక్స్‌ఎంఎల్ ఫైలే, ఇప్పటికీ మామూలుగా అదే వస్తుంది. 2010 చివర్లో వచ్చిన 2.4 వెర్షన్లో ఎస్‌క్యూలైట్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ మూడింటికీ తలుపు తెరిచారు. కానీ ప్రోగ్రాం గుండెకాయ మారలేదు. తెరవగానే టేబుళ్లన్నీ చదివి మెమరీలో పెట్టుకోవడమే పద్ధతి. అందుకే డేటాబేస్ వచ్చినా ఇద్దరు ఒకేసారి ఒకే పుస్తకం మీద కూర్చునే వీలు రాలేదు. ఒకరు తెరిచారని గుర్తు పెట్టుకోవడానికి ఒక తాళం టేబుల్ ఉంది, అంతే.

మీరు ఎక్స్‌ఎంఎల్ తీసేసి ఆ స్థానంలో డేటాబేస్ పెట్టి మిగతాది అలాగే ఉంచితే, సేవ్ దగ్గర ఆగడం పోతుంది, కరెంటు భయం తగ్గుతుంది. అది చిన్న లాభమేమీ కాదు. కానీ రెండో కంప్యూటర్ పెట్టిన రోజు మళ్లీ ఇక్కడికే వస్తారు. ఏ డేటాబేస్ అన్నదాని కంటే ముందు తేల్చుకోవలసింది ఇది: ప్రోగ్రాం తన మెమరీని నమ్ముతుందా, డేటాబేస్‌ని నమ్ముతుందా? డేటాబేస్‌ని నమ్మేటట్టయితే ఆవర్జా (ఖాతాల పుస్తకం), ట్రయల్ బ్యాలెన్స్ అన్నీ క్వెరీలు (డేటాబేస్‌ని అడిగి తెచ్చుకునే జవాబులు) కావాలి. మెమరీలో ఉన్న వస్తువుల్ని అద్దంలో చూపినట్టు టేబుళ్లలోకి దింపడం కాదు.

చిట్టా ఆవర్జా (మండపేట), సోమవారం ఉదయం 6:25

నాకు కోడ్ తెలియదు బాబూ. ముప్పై ఏళ్లుగా మిల్లుల్లో లెక్కలు రాస్తున్నాను. పైరగాలి చెప్పిన మిల్లు నాది కాదు గానీ, ఆ రాత్రి కూర్చున్న గుమాస్తా కష్టం తెలుసు.

మీరందరూ రూపాయి ఎలా దాచాలంటున్నారు. నేను రేటు గురించి అడుగుతాను. మాకు ధాన్యం బేరం 75 కేజీల బస్తాకి. ప్రోగ్రాం వాళ్లేమో రేటు కేజీకి అడుగుతారు. బస్తా 1,750 అనుకోండి, కేజీకి ఎంత? 23.33 తర్వాత మూళ్లు వస్తూనే ఉంటాయి. 23.33 అని కొట్టి 40 బస్తాలకి గుణిస్తే 69,990 వస్తుంది. రైతు చేతిలో చీటీ మీద 70,000 ఉంటుంది. పది రూపాయలే కదా అనకండి. రైతు ఎదురుగా నిలబడి ఉంటాడు, కాగితం మీద లెక్క వేసుకునే వచ్చాడు. ఆ పది రూపాయల దగ్గర మిల్లు మీద నమ్మకం పోతుంది.

పైరగాలి, సోమవారం ఉదయం 7:40

గురువు గారూ, మా ప్రోగ్రాం చేసేది సరిగ్గా అదే. కేజీ రేటు దశాంశంలో దాస్తున్నాం. అంబాజీపేటలోనూ ఇదే తంటా. కాయ రేటు వెయ్యికి చెబుతారు, మేము కాయకి మార్చి దాస్తున్నాం. వెయ్యి 12,335 అంటే కాయ 12 రూపాయల 33 పైసలన్నర. ఆ అర పైసా ఎటు పోతోందో ఈ రాత్రి వెతకాలి.

వశిష్ఠ తీరం, సోమవారం ఉదయం 8:15

చిట్టా గారు అసలైన చోట వేలు పెట్టారు. రేటుని మార్చకండి. జనం ఏ కొలతకి బేరమాడారో ఆ కొలతతోనే దాచండి: ఎన్ని పైసలు, ఎంత సరుక్కి. 1,75,000 పైసలు, 75 కేజీలకి. రెండు పూర్ణాంకాలు, రెండు కాలమ్‌లు. భాగహారం చివర్లో ఒక్కసారే, పద్దు మొత్తం తేలేటప్పుడు.

గ్నూక్యాష్‌లో మొత్తాలన్నీ ఇలా లవం ఒక కాలమ్‌లో, హారం ఒక కాలమ్‌లో ఉంటాయి. పైగా ప్రతి పద్దుకీ విలువ వేరు, పరిమాణం వేరు. రూపాయలు ఒక జత, సరుకు ఒక జత. చూడ్డానికి వికారంగా ఉంటుంది గానీ, ఎందుకు పెట్టారో మీ 40 బస్తాల ధాన్యం చెబుతోంది.

రూపాయల పద్దుకి హారం అక్కర్లేదు. అన్నీ పైసల్లో పూర్ణాంకంగా ఉంచండి. 64 బిట్ల పూర్ణాంకంలో 922 కోట్ల కోట్ల రూపాయలు పడతాయి, డెల్టా మొత్తం ధాన్యం కొన్నా మిగులుతుంది. ఎస్‌క్యూలైట్‌లో డెసిమల్ అని కాలమ్ రకం రాసి నిశ్చింతగా ఉండకండి. ఆ పేరు ఒప్పుకుంటుంది, లోపల మాత్రం ఫ్లోటింగ్ పాయింట్‌గానే, అంటే ఉజ్జాయింపు దశాంశంగానే, దాస్తుంది. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వచ్చే లెక్క అది. 3.37 వెర్షన్ నుంచి స్ట్రిక్ట్ టేబుళ్లు ఉన్నాయి. అలా ప్రకటిస్తే పూర్ణాంకం కాలమ్‌లో వేరే రకం చొరబడదు.

తణుకు ఆడిటర్ (తణుకు), సోమవారం మధ్యాహ్నం 1:30

మీరు టేబుళ్లు గీసే ముందు చట్టం ఏమంటుందో చూడండి. తర్వాత అతికించడం కుదరదు.

కంపెనీగా నమోదైన సంస్థ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ తప్పనిసరి. ఏ మార్పు ఎప్పుడు జరిగిందో నమోదు కావాలి, ఆ లాగ్‌ని ఎవరూ ఆపేసే వీలుండకూడదు. 2014 నాటి కంపెనీల అకౌంట్స్ నియమాల్లో 3వ నియమం ఇది. మా వైపు మిల్లులు చాలావరకు భాగస్వామ్యాలు, సొంత వ్యాపారాలు కదా, మాకెందుకు అనుకోవచ్చు. జీఎస్‌టీ నియమాల్లో 56వ నియమం, 8వ ఉపనియమం చూడండి. లెక్కల్లో రాసిన దాన్ని చెరపకూడదు, దాని మీద మళ్లీ రాయకూడదు. కంప్యూటర్లో రాస్తే, మార్చిన ప్రతి పద్దుకీ, తీసేసిన ప్రతి పద్దుకీ లాగ్ ఉండాలి. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న కొట్టుకైనా ఇది వర్తిస్తుంది.

నేను ఆడిట్‌కి వెళ్లినప్పుడు అడిగే ప్రశ్న ఒకటుంది. ప్రోగ్రాం తెర మీద నుంచి మార్చితే లాగ్ పడుతుంది సరే, ఎవరైనా నేరుగా డేటాబేస్ తెరిచి అంకె మార్చితే? చాలామంది దగ్గర దానికి జవాబు లేదు. మీ దగ్గర ఉండాలి.

చిట్టా ఆవర్జా, సోమవారం మధ్యాహ్నం 2:10

ఆడిటర్ గారు చెప్పింది మాకు కొత్త కాదండి. నేను పనిలో చేరిన రోజు మా పెద్ద గుమాస్తా మొదట నేర్పింది అంకెలు కాదు. పుస్తకం మీద బ్లేడు పెట్టకూడదని నేర్పారు. తప్పు పడితే దాని మీద ఒక్క గీత, కింద అంకె కనబడేలా. పక్కన పొడి సంతకం. రెండు రోజులు దాటిపోయిన తప్పయితే గీత కూడా కొట్టనిచ్చేవారు కాదు. ఎదురు పద్దు రాసి, మళ్లీ సరైన పద్దు రాయాలి. గీకిన పుస్తకం కోర్టులో నిలబడదు అనేవారు. మీ డేటాబేస్‌కి ఆ బ్లేడు అందకుండా చేయగలరా?

భీమవరం డీబీఏ, సోమవారం రాత్రి 9:20

చేయొచ్చు. నేను పోస్ట్‌గ్రెస్ అని పట్టుబట్టింది కూడా ఇందుకే.

పద్దుల టేబుల్ మీద ప్రోగ్రాం వాడే లాగిన్‌కి చేర్చే హక్కు, చదివే హక్కు మాత్రమే ఇవ్వండి. మార్చే హక్కు, తీసేసే హక్కు అసలు ఇవ్వొద్దు. ఇక కోడ్‌లో ఎవరు ఎంత పొరపాటు చేసినా పాత పద్దు కదలదు. ఎస్‌క్యూలైట్‌లో ఈ హక్కుల మాటే లేదు. ఫైలు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే రాజ్యం.

రెండోది, జమ ఖర్చులు సరితూగడం. ఒక లావాదేవీలో మూడు నాలుగు పద్దులు ఉంటాయి: ధాన్యం కొనుగోలు, తరుగు, హమాలీ, రైతు ఖాతా. అన్నీ కలిపితే సున్నా రావాలి. ఈ పరీక్ష ఒక్కో వరుసకి పెట్టలేం, ఎందుకంటే మొదటి పద్దు రాసిన క్షణాన అది సున్నా కాదు కదా. పోస్ట్‌గ్రెస్‌లో కన్‌స్ట్రెయింట్ ట్రిగ్గర్‌ని (తనంతట తానే నడిచే పరీక్షని) కమిట్ దాకా, అంటే లావాదేవీ ఖాయమయ్యేదాకా, వాయిదా వేయొచ్చు. నాలుగు వరుసలూ పడ్డాక, కమిట్ గుమ్మం దగ్గర కూడి చూస్తుంది. తేడా ఉంటే మొత్తం వెనక్కి.

వశిష్ఠ తీరం, సోమవారం రాత్రి 10:05

హక్కుల విషయంలో మీదే సరి, ఒప్పుకుంటున్నాను. సరితూకం మాత్రం ఎస్‌క్యూలైట్‌లోనూ సాధ్యమే, దారి వేరు. వాయిదా వేసే ట్రిగ్గర్లు లేవు కాబట్టి లావాదేవీకి రెండు దశలు పెట్టాలి: చిత్తు, ఖరారు. పద్దులన్నీ చిత్తులో రాసి, చివర్లో లావాదేవీని ఖరారుగా మార్చేటప్పుడు ట్రిగ్గర్ పద్దుల్ని కూడుతుంది. సున్నా కాకపోతే ఖరారు కాదు. ఖరారైన లావాదేవీనీ, దాని పద్దుల్నీ ఎవరైనా మార్చబోతే, తీసేయబోతే, కొత్త పద్దు చేర్చబోతే మరో ట్రిగ్గర్ ఆపుతుంది. చిట్టా గారి ఎదురు పద్దు ఒక్కటే మిగిలే దారి.

నిజానికి ఇది మిల్లు పద్ధతికి దగ్గరగా ఉంది. కాటా పడిన రోజు సరుకు తెలుసు, రేటు తెలియదు. రేటు తేలేదాకా అది చిత్తే.

మరొకటి మరిచిపోకండి. ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీలు (ఉన్న ఖాతాకే పద్దు పడేలా చూసే కట్టుబాట్లు) వాటంతట అవే పనిచేయవు. కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ఆన్ చేయాలి. ఇది తెలియక లేని ఖాతాకి పద్దులు రాసిన ప్రోగ్రాంని నేనే ఒకదాన్ని సరిచేశాను.

కడియం నర్సరీ (కడియపులంక), మంగళవారం ఉదయం 5:50

నేను వాడేవాణ్ణి మాత్రమే, వేరే ప్రోగ్రాం. ఒక బాధ చెప్పుకోవాలి. మాకు ఒకే కొనుగోలుదారు పేరు జాబితాలో రెండుసార్లు వస్తోంది. అక్షరం అక్షరం పోల్చి చూశాను, తేడా లేదు. బాకీ సగం ఒక దాంట్లో, సగం ఇంకో దాంట్లో పడుతోంది. ఏడాది చివర్లో ఆ మనిషితో మాట పడాల్సి వచ్చింది.

వశిష్ఠ తీరం, మంగళవారం ఉదయం 7:30

నర్సరీ గారూ, మీ కంటికి ఒకటే గానీ కంప్యూటర్‌కి రెండండి. తెలుగులో ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండుగానూ రాయొచ్చు. ఫోన్ కీబోర్డ్ ఒకలా, కంప్యూటర్ ఒకలా పంపితే పేర్లు వేరవుతాయి. ఇంకోటి, సాఫ్ట్‌వేర్, మార్కెట్‌యార్డ్ లాంటి మాటల మధ్య పొల్లు విడిగా నిలవడానికి వాడే కనబడని అక్షరం. ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు.

పైరగాలి గారూ, పేర్లని దాచే ముందు యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ రూపంలోకి (ఇలాంటి జంట గుర్తుల్ని ఒకటిగా కలిపే రూపం) మార్చండి. కనబడని అక్షరాలు, అదనపు ఖాళీలు తీసేసిన రూపాన్ని పక్కన ఇంకో కాలమ్‌లో ఉంచి, యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువని రెండుసార్లు పడనివ్వని సూచిక) దాని మీద పెట్టండి. తెర మీద చూపేది మాత్రం వాళ్లు రాసినదే.

చిట్టా ఆవర్జా, మంగళవారం ఉదయం 8:05

దానికి వ్యతిరేకమైనదీ ఉంది. మా ఆయకట్టులో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న రైతులు ముగ్గురున్నారు. తండ్రి పేరు, ఊరు లేకపోతే ఒకరి డబ్బు ఇంకొకరికి పోతుంది. పేరు ఒక్కటే చూసి కలిపేయకండి.

పైరగాలి, మంగళవారం ఉదయం 8:40

యూనిక్ ఇండెక్స్ పేరు, తండ్రి పేరు, ఊరు మూడింటి మీదా పెడతాను. అయినా కలిసే అవకాశం ఉంటే ప్రోగ్రాం అడుగుతుంది, తనంతట తాను కలపదు.

తణుకు ఆడిటర్, మంగళవారం సాయంత్రం 6:15

తేదీ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒక చోట ఆడిట్‌లో ఏప్రిల్ 1 నాటి అమ్మకాలు కొన్ని మార్చి 31లో కనిపించాయి. తేదీని అర్ధరాత్రి సమయంతో కలిపి యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) దాచారు. మన ఏప్రిల్ 1 అర్ధరాత్రి అంటే యూటీసీలో మార్చి 31 సాయంత్రం 6:30. రిపోర్ట్ రాసిన మనిషి తిరిగి మన సమయానికి మార్చడం మరిచాడు. ఒక్క రోజు తేడా, కానీ ఆర్థిక సంవత్సరమే మారిపోయింది.

వశిష్ఠ తీరం, మంగళవారం రాత్రి 8:50

గ్నూక్యాష్ కూడా ఈ గుంతలో పడి లేచిందే. చివరికి లావాదేవీ తేదీకి యూటీసీ 10:59 అనే సమయం తగిలించారు. ప్రపంచంలో దాదాపు ఏ మూల చూసినా అదే రోజు కనబడుతుందని. మీకు ఆ పాత బరువు లేదు కాబట్టి లావాదేవీ తేదీలో గంటలు పెట్టనే వద్దు. సంవత్సరం, నెల, రోజు, అంతే. ఎక్కించిన క్షణం వేరే కాలమ్‌లో, యూటీసీలో, ప్రోగ్రాం తానే రాసేలా. మొదటిది వ్యాపారానికి, రెండోది ఆడిటర్ గారికి.

భీమవరం డీబీఏ, బుధవారం రాత్రి 9:45

నిల్వ గురించి అడిగారు కదా. ఖాతా టేబుల్లో నిల్వ కాలమ్ పెట్టి ప్రతి పద్దుకీ దాన్ని మారుస్తూ పోతే, ఏదో ఒక రోజు అదీ పద్దుల మొత్తమూ వేరవుతాయి. అప్పుడు దేన్ని నమ్మాలి? పద్దులే నిజం. ఖాతా, తేదీ కలిపి ఇండెక్స్ పెడితే మిల్లు స్థాయి లెక్కని కూడటం డేటాబేస్‌కి శ్రమే కాదు. ఏళ్లు గడిచి నెమ్మదిస్తే నెలాఖరు నిల్వల్ని వేరే టేబుల్లో రాసుకోండి. ఎప్పుడు చెరిపినా పద్దుల నుంచి మళ్లీ పుట్టించుకునేలా ఉండాలి.

బిల్లు నంబర్ల దగ్గర పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లు తప్పు చేస్తారు, నేనూ చేశాను. సీక్వెన్స్ (వరుస నంబర్లు ఇచ్చే సదుపాయం) వాడితే, కమిట్ కాని లావాదేవీ తీసుకున్న నంబర్ తిరిగి రాదు. మధ్యలో ఖాళీలు పడతాయి. జీఎస్‌టీ బిల్లు నంబర్ వరుసగా ఉండాలి, 16 అక్షరాలు మించకూడదు, ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. నంబర్ కోసం చిన్న టేబుల్ పెట్టి, ఆ వరుసకి తాళం వేసి, బిల్లు రాసే లావాదేవీలోనే పెంచండి.

పైరగాలి, గురువారం రాత్రి 11:20

అందరి మాటలూ పట్టుకుని కూర్చున్నాం ముగ్గురం. కొబ్బరి కొట్టుకి ఒకే కంప్యూటర్, అక్కడ ఎస్‌క్యూలైట్ అనుకున్నాం. మిల్లులో కాటా దగ్గర ఒకటి, ఆఫీసులో రెండు. అక్కడా ఎస్‌క్యూలైట్ ఫైలుని షేర్డ్ ఫోల్డర్లో పెట్టి మూడింటి నుంచీ తెరిస్తే సరిపోతుందా?

భీమవరం డీబీఏ, గురువారం రాత్రి 11:31

వద్దు! నెట్‌వర్క్ ఫోల్డర్ల మీద ఫైలు తాళాల్ని నమ్మలేం. ఇద్దరు ఒకేసారి రాస్తే ఫైలు పాడవుతుంది. వాల్ పద్ధతి (మార్పుల్ని ముందు పక్కన ఇంకో ఫైల్లో రాసే తీరు) అయితే నెట్‌వర్క్ మీద అసలు పనిచేయదని ఎస్‌క్యూలైట్ వాళ్లే రాశారు. మిల్లుకి పోస్ట్‌గ్రెస్ పెట్టండి, లేదా ఒక కంప్యూటర్లో మీ సర్వర్ ప్రోగ్రాం నడిపి ఫైలుని అది ఒక్కటే తాకేలా చేయండి. రెండోదైనా నాకు అభ్యంతరం లేదు. మీ ముగ్గురితో రెండు డేటాబేస్‌లకి కోడ్ రాయించడం కంటే అదే మేలేమో.

వశిష్ఠ తీరం, శుక్రవారం ఉదయం 6:40

నేనూ అదే అంటాను. గ్నూక్యాష్‌లా మూడు డేటాబేస్‌లకీ సరిపడేలా రాస్తే మూడింట్లో ఉమ్మడిగా ఉన్నవి మాత్రమే వాడగలరు, ఈ ట్రిగ్గర్లన్నీ వదులుకోవాలి. ఒకదాన్ని ఎంచుకుని దాని బలమంతా వాడుకోండి.

కరెంటు గురించి: వాల్ పెట్టినప్పుడు వేగం కోసం సింక్రనస్ అనే సెట్టింగ్‌ని ఫుల్ నుంచి నార్మల్‌కి దించమని నెట్‌లో సలహాలుంటాయి. అలా చేస్తే కరెంటు పోయినప్పుడు ఫైలు పాడవదు గానీ చివరి కొన్ని కమిట్లు మాయం కావచ్చు. రైతుకి చీటీ ఇచ్చేశాక పద్దు మాయమైతే ఎలా? ఫుల్‌లోనే ఉంచండి.

బ్యాకప్ కూడా. ప్రోగ్రాం నడుస్తుండగా అసలు ఫైలు ఒక్కటే పెన్ డ్రైవ్‌లోకి లాగి నిశ్చింతగా ఇంటికెళ్లిన వాళ్లని చూశాను. తాజా పద్దులు పక్కనున్న వాల్ ఫైల్లో ఉండిపోయాయి. వ్యాక్యూమ్ ఇంటూ అనే ఆదేశం ఉంది, నడుస్తుండగానే నిండు కాపీ తీస్తుంది. తీశాక ఇంటెగ్రిటీ చెక్ (ఫైలు పాడైందేమో చూసే పరీక్ష) నడిపి, జమ ఖర్చులు సున్నా వస్తున్నాయో చూసి, అప్పుడే బ్యాకప్ అయిందని తెర మీద చెప్పండి.

చిట్టా ఆవర్జా, శుక్రవారం ఉదయం 7:15

1986 ఆగస్టు గోదావరి వరదకి మా మేనమామ గారి కొట్టు లంకలో ఉండేది. నీళ్లు గుమ్మం ఎక్కేసరికి ఆయన బియ్యం వదిలేసి ఆవర్జా పుస్తకాలు మూటగట్టి నెత్తిన పెట్టుకుని గట్టెక్కారు. చిట్టా పుస్తకాలు మిగిలిపోయి తడిసి ముద్దయ్యాయి. ఆవర్జా ఉన్నా, రోజువారీ చిట్టా లేక ఎవరు ఎప్పుడు ఎందుకు ఇచ్చారో చూపలేక చాలా బాకీలు వదులుకున్నారు. కాపీ మిల్లులోనే ఇంకో బీరువాలో పెడితే కాపీ కాదు బాబూ. ఏటికి అవతలి ఒడ్డున ఉండాలి.

పైరగాలి, ఆదివారం రాత్రి 8:30

ఒక్క ఎస్‌క్యూలైట్, మిల్లులో చిన్న సర్వర్, చిత్తు ఖరారు దశలు, కొలతతో కూడిన రేటు. ఇవి ఖాయం చేసుకున్నాం. రాత్రి బ్యాకప్ తాళం వేసి రాజమండ్రిలో ఒక స్నేహితుడి ఇంటి కంప్యూటర్‌కి వెళ్తుంది. ఆడిటర్ గారి ప్రశ్నకి జవాబుగా ప్రతి ఖరారు లావాదేవీలో దాని ముందున్న లావాదేవీ హ్యాష్‌ని (అందులోని వివరాల నుంచి లెక్కకట్టిన గుర్తుని) కలిపి గొలుసు కడుతున్నాం. ఎవరైనా నేరుగా ఫైలు తెరిచి ఒక అంకె మార్చితే అక్కణ్ణుంచి గొలుసు తెగుతుంది. మార్చకుండా ఆపలేం గానీ, మార్చారని తెలుస్తుంది.

నిన్న పాత ఎక్స్‌ఎంఎల్ ఎక్కిస్తుంటే ఖరారు ట్రిగ్గర్ పదకొండు లావాదేవీల్ని వెనక్కి కొట్టింది. ఏడింటిలో తేడా పైసల్లోనే, భాగహారం తప్పులు. నాలుగింటిలో మాత్రం హమాలీ పద్దు అసలు లేదు. మా పాత ప్రోగ్రాం ఏడాది పాటు వాటిని మోసుకొచ్చింది, ఒక్కసారీ చెప్పలేదు. రేపు మిల్లుకి వెళ్లి గుమాస్తా గారితో కూర్చుని ఆ నాలుగు కాటా చీటీలు వెతకాలి.

తణుకు ఆడిటర్, ఆదివారం రాత్రి 9:05

గొలుసు చివరి హ్యాష్‌ని నెలనెలా నాకో, మిల్లు వాళ్ల ఆడిటర్‌కో కాగితం మీద పంపించండి. గొలుసంతా మొదటి నుంచీ మళ్లీ కట్టినా అప్పుడు పట్టుబడుతుంది.

చిట్టా ఆవర్జా, సోమవారం ఉదయం 6:10

ఆ నాలుగింటికీ పాత తేదీలో పద్దు దూర్చకండి. ఈరోజు తేదీతో రాసి, వివరంలో పాత చీటీ నంబర్ వేయండి. హమాలీ మేస్త్రీ దగ్గర కూడా ఒక చిన్న పుస్తకం ఉంటుంది, చీటీలు దొరక్కపోతే దాన్ని అడగండి.